చివరి పేజీలో రాసిన పేరు

మూడు రోజులుగా ముసురు. డెలానీపూర్‌లో మా క్వార్టర్స్ కింది వాటా వాళ్ళు వాన తెరిపివ్వకముందే ఇనుప గేటుకు రంగు వేయించారు. ఉప్పుగాలికి గేటు సగం తుప్పయిపోయింది, ఇంక ఆగలేకపోయారు కాబోలు. ఈ తడిలో రంగు ఆరదు, వాసనా పోదు. టర్పెంటైన్ వాసన మెట్లెక్కి వచ్చి నా గదిలో, బల్ల మీద పేర్చిన విద్యార్థుల ప్రాజెక్టుల మధ్య మకాం పెట్టింది. అన్నీ పురాణ చిత్రాల మీద రాసినవే. ఆ అంశం ఇచ్చింది నేనే, ఎందుకిచ్చానా అని ఏటా తిట్టుకునేదీ నేనే. ఏ ప్రాజెక్టునైనా నేను చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెడతాను. ఆధారాల జాబితా సరిగ్గా లేకపోతే ఈవిడ మార్కులు కోసేస్తుందని కాలేజీలో నాకో పేరుంది. కోసేస్తానన్నది నిజమే. కాని ఆ పేజీలో నేను వెతికేది ఏమిటో పిల్లలకు తెలియదు. ఈ వాసన తగిలిన రోజున మాత్రం ఏ పేజీ ముందుకు సాగదు. అవతలి ఒడ్డున, నేను పెరిగిన బాంబూఫ్లాట్‌లో మా పక్కింట్లో ఉండే బాబాయి వచ్చి ఎదురుగా కూర్చుంటారు.

ఆయన హాడో రేవులో ఓడల మీద పేర్లూ నంబర్లూ రాసే పెయింటరు. రోజూ పొద్దున్న మొదటి ఫెర్రీలో చాథమ్ జెట్టీకి దాటి పనిలోకి వెళ్ళి, సాయంత్రం గోళ్ళ సందుల్లో రంగుతో తిరిగొచ్చేవారు. మా తాతా, బాబాయి వాళ్ళ నాన్నా శ్రీకాకుళం వైపు నుంచి ఈ దీవులకు వచ్చినవాళ్ళు. మేము గంగమ్మ గుడికి వెళ్ళేవాళ్ళం, వాళ్ళు తెలుగు చర్చికి వెళ్ళేవాళ్ళు. రెండిళ్ళకూ కలిపి బట్టలారేసుకునే తాడు ఒకటే. పిల్లలు లేని ఇల్లు కావడంతో నేను వాళ్ళింట్లోనే సగం పెరిగాను. నాకు బొమ్మలు వేయడం నేర్పబోయి రెండోరోజే ఆయన చేతులెత్తేశారు. వేసిన బొమ్మను ఎలా చూడాలో మాత్రం నాకు తెలిసింది ఆయన దగ్గరే.

పదేళ్ళ వయసులో అనుకుంటాను, ఒక పడవ ముక్కు మీద ఆయన వేసిన అమ్మవారి సింహాన్ని చూసి గంతులేశాను. “బాబాయ్, సింహం ఎంత బాగేశావో!” అన్నాను. ఆయన కుంచె తుడుచుకుంటూ నవ్వారు. “నాది కాదే బేటీ. మొహం అగ్గిపెట్టె మీదది. జూలు కేలెండర్లోది. కాళ్ళు మన వీధి కుక్కవి. సరిగ్గా సూడు.” చూశాను. నిజంగానే అవి మా వీధి కుక్క కాళ్ళే, ముందు కాలు కొద్దిగా వంకర కూడా. నాకు ఒళ్ళు మండింది. “మరి నీదేటి?” అన్నాను. “రంగు,” అన్నారు. “రంగు నాది.” ఆయన దగ్గర ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. దాన్నిండా కత్తిరించిన బొమ్మలు. ప్రతి బొమ్మ వెనకా అది ఎక్కడ దొరికిందో పెన్సిలుతో రాసి ఉండేది. ఫలానా కొట్టు కేలెండరు, ఫలానా ఓడ వంటవాడిచ్చిన పుస్తకం అని. ఎవరైనా ఆయన పనిని మెచ్చుకుంటే ముందు ఆ డబ్బా తీసేవారు. తనది కాని మెప్పు ఒక్క క్షణం కూడా ఒంటి మీద ఉంచుకోలేని మనిషి.

నేను పుట్టకముందే మా తాత అడిగితే ఆయన గంగమ్మ గుడి గోడల మీద బొమ్మలు వేశారు. ఒక గోడ మీద సముద్ర మథనం. హాడో రేవులో ఓడ తాడును ఇనుప దిమ్మకు చుట్టే పద్ధతిలోనే అందులో వాసుకిని కొండకు చుట్టారు. లాగుతున్న రాక్షసుల తలలకు రేవు కూలీల తువ్వాళ్ళు. ఇంకో గోడ మీద మత్స్యావతారం. ప్రళయంలో మనువు ఎక్కిన పడవ, దాన్ని లాగుతున్న చేప. చిన్నప్పుడు ఆ పడవను చూస్తూ ఎంతసేపు కూర్చునేదాన్నో. దాని మీద వాలు కప్పుతో ఒక చిన్న ఇల్లు, ఇంటికి కిటికీ, కిటికీలో రెండు చిలకలు. అలాంటి పడవ మా జెట్టీలో ఎక్కడా లేదు.

అదే చేత్తో ఆయన ఏటా డిసెంబరు చివర్లో నిచ్చెనెక్కి చర్చి ముందు గోడ మీద కొత్త సంవత్సరానికి బైబిల్లోంచి ఎంచిన వాగ్దాన వచనం రాసేవారు. పోయిన ఏడాది వచనాన్ని తెల్లరంగుతో కప్పి, దాని మీద కొత్తది. ఆ రెండు రోజులూ ఆయన ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. జనవరి ఒకటిన చర్చి సంఘమంతా ఆ అక్షరాల కింద నిలబడి ఫొటో తీసుకునేది. గుడి బొమ్మలు వేసింది ఆయనేనని చర్చిలో అందరికీ తెలుసు. చర్చి ముందు వరసలో కూర్చునే మనిషని గుడిలో అందరికీ తెలుసు. ఎవరూ అనేవారు కాదు. ఎవరేశారని గుడిలో కొత్తవాళ్ళు అడిగితే “మనోళ్ళే” అనేవారు. అదే మాట చర్చిలో ఎవరైనా అడిగితే “ఎవడో పెయింటరు” అనేవారు. అదొక ఒప్పందమని, దాన్ని అందరూ ఎంతో జాగ్రత్తగా కాపాడుకుంటున్నారని నాకు తెలియలేదు. ఊళ్ళో అందరికీ తెలిసిన విషయం కాగితం మీద ఉంటే తప్పేమిటనుకున్నాను. చదువుకుంటున్నాను కదా మరి.

డిగ్రీ చివరి సంవత్సరంలో మా హిస్టరీ సార్ ఒక పరిశోధన పత్రం రాయమన్నారు. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన మనిషి, మాతో హిందీలోనే మాట్లాడేవారు. బాగున్న పత్రాలు రెండింటిని విశాఖపట్నంలో సెమినార్‌కు తీసుకువెళ్తానన్నారు. అప్పటికి నేను దీవులు దాటలేదు. ఓడ ఎక్కాలని, తాతలు వదిలొచ్చిన ఒడ్డును ఒక్కసారి చూడాలని ఎంత ఆశగా ఉండేదో ఇప్పుడు చెబితే నవ్వుతారు. గంగమ్మ గుడి గోడలనే నా అంశంగా తీసుకున్నాను. ఒక్కో బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడం నా పని. నాకు బాబాయి ఉండగా భయమేమిటి?

వారం రోజులు సాయంత్రాలు ఆయన అరుగు మీద నోటుబుక్కుతో కూర్చున్నాను. పిన్ని టీ ఇస్తూ ఉండేది. ఒక్కో బొమ్మ గురించి ఆయన వరసగా చెప్పుకొచ్చారు. మనువు పడవ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. వీధిలో ఎవరూ లేరని చూసుకుని, పిన్ని చేత డబ్బా తెప్పించారు. అట్టడుగున ఉన్న కార్డు ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. సండే స్కూల్లో పిల్లలకిచ్చే బొమ్మల కార్డు. అందులో బైబిల్లోని ప్రళయం కథలో నోవహు ఎక్కిన ఓడ. అదే వాలు కప్పు, అదే కిటికీ. కిటికీలో రెండు పావురాలు.

“పావురాల్ని సిలకలు సేసేను,” అన్నారు ఆయన, తప్పు ఒప్పుకుంటున్నట్టు. “పెద్ద వాన, పెద్ద నీళ్ళు, ఒక మంచోడు, ఒక పడవ. అటూ అదే, ఇటూ అదే. పడవ బొమ్మ నా దగ్గర ఒకటే ఉంది. క్యా కరూఁ?”

నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు. “రాసుకో బేటీ, నిజమే కదా. నా పేరు మాత్రం వద్దు. నాను పోయేక రాసుకో,” అన్నారు. రాయనని ఆయన చేతిలో చెయ్యేసి చెప్పాను.

పత్రం చదువుతూ ఆ పడవ దగ్గర సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఇది దొరికాక మిగతాదంతా లేకపోయినా ఫరవాలేదన్నారు. ఆ పొగడ్తకు నేను తేలిపోతుండగానే చివరి పేజీ తిప్పారు. అక్కడ ‘బాంబూఫ్లాట్‌కు చెందిన ఒక స్థానిక చిత్రకారుడు’ అని ఉంది. దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. “కౌన్ హై యే? పేరు లేనివాడు చెప్పింది గాలి మాట. రేపెవరైనా ఇదంతా నువ్వే కల్పించావంటే ఏం చేస్తావు?” అన్నారు. పేరు వద్దన్నారని చెప్పాను. సార్ అన్యాయమైన మనిషి కాదు, అది ఇక్కడ చెప్పి తీరాలి. “అయితే మళ్ళీ అడుగు. దేనికి అడుగుతున్నావో అంతా వివరంగా చెప్పి అడుగు. ఒప్పుకుంటే రాయి. ఒప్పుకోకపోతే ఆ పడవ సంగతి తీసేసి ఇవ్వు, మార్కులకేమీ ఢోకా లేదు. సెమినార్‌కు మాత్రం వేరేవాళ్ళది పంపుతాను,” అన్నారు.

ఆ సాయంత్రం వెళ్ళాను. ఆయన అరుగు మీద కూర్చుని కుంచెకు పట్టిన పాత రంగు గీకుతున్నారు. “పేపరయిందేటి బేటీ?” అని అడిగారు. అడగాల్సిన మాట నాలుక చివర దాకా వచ్చింది. వద్దంటారని భయం. వద్దంటే ఓడ లేదు, విశాఖపట్నం లేదు. “అయింది బాబాయ్,” అన్నాను. మర్నాడు చాథమ్ జెట్టీ దగ్గర జెరాక్స్ షాపులో చివరి పేజీ మళ్ళీ టైపు చేయించాను. మనువు పడవకు మూలం సండే స్కూల్ కార్డులోని నోవహు ఓడ అని, పక్కనే ఆయన పేరు, ఉద్యోగం, ఊరు. ఒక్క లైను. చివరి పేజీ ఎవరు చదువుతారులే అనుకున్నాను. “అడిగావా?” అన్నారు సార్. “అడిగాను సర్, ఒప్పుకున్నారు,” అన్నాను. 

సెమినార్ బాగా జరిగింది. ఆ పడవను తెర మీద చూపించినప్పుడు హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ ఆనందంలో సార్ మా పత్రాలను కాలేజీ గ్రూపులో పెట్టారు. మా ఓడ తిరుగు ప్రయాణమయ్యాక ఫోన్లకు సిగ్నల్ పోయింది. మూడు రోజులు నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఆ మూడు రోజుల్లోనే, కాలేజీలో నా వెనక క్లాసు చదివే చర్చి వీధి అమ్మాయి ఆ చివరి పేజీని ఫొటో తీసి సంఘం గ్రూపులో పెట్టింది. పాపం, ఆ పిల్ల ఏ దురుద్దేశమూ లేకుండా పెట్టింది. మన పెయింటరంకుల్ పేరు కాలేజీ పేపర్లో పడిందోచ్ అని, చప్పట్ల బొమ్మలతో సహా. నేను రాసిన ఇరవై పేజీల్లో ఊరంతా చదివింది ఆ ఒక్క పేజీనే.

హాడోలో ఓడ దిగేసరికి అమ్మ రేవు గేటు దగ్గర నిలబడి ఉంది. నా బ్యాగు అందుకోలేదు. “ఏటి సేసేవే నువ్వు?” అంది. ఫెర్రీలో బాంబూఫ్లాట్ చేరేలోపు అంతా చెప్పింది. సంఘ పెద్దలు బాబాయి ఇంటికి వచ్చారు. ఎవరూ గొంతు పెంచలేదు. పిన్ని ఇచ్చిన టీ తాగారు. వాళ్ళలో పెద్దాయన, బాబాయితో కలిసి సండే స్కూల్లో చదువుకున్నవాడే, కళ్ళనీళ్ళు పెట్టుకుని అన్నాడట. “మాకు తెలీదేటిరా? ఇన్నేళ్ళుగా తెలుసు. కాగితం మీద పడిపోయేక తెలీనట్టు ఎలాగుంటాం?” కొన్నాళ్ళ పాటు ప్రభువు బల్లకు దూరంగా ఉండమన్నారు. సంస్కారపు ఆదివారం అందరూ ముందుకు వెళ్ళి రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటుంటే ఆయన తన చోటులోనే కూర్చుని ఉండాలి. ఆ ఏటి వచనం కూడా రాయవద్దన్నారు.

ఆ సాయంత్రమే వెళ్ళాను. ఆయన అరుగు మీదే ఉన్నారు. నన్ను చూసి, “ఆ కాయితం తెచ్చేవా?” అని అడిగారు. ఆయనకు తెలుగు బైబిలు తప్ప వేరే చదువు లేదు. నా పత్రం ఇంగ్లీషులో ఉంది, ఆయన ఇంగ్లీషు అక్షరాలు చూసి దించేవారే కాని చదవలేరు. “నా గురించి ఏటి రాసేవో సదువు,” అన్నారు. చదివి తెలుగులో చెప్పాను. మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. 

“ఎన్ని ఓడలకి పేర్లు రాసేనో లెక్కలేదు,” అన్నారు. “నా పేరు అచ్చులో పడ్డం ఇదే తొలిసారి.” ఆ గొంతులో ఒక్క క్షణం ఏదో మెరిసింది. అది చూసి నాకు ఆశ పుట్టింది, క్షమించేస్తారేమోనని. ఆయన నా వైపు తిరిగారు. “మళ్ళీ అడిగుంటే ఏటనేవాణ్ణో నాకే తెలీదు బేటీ. సరే అనేవాణ్ణేమో. ముసిలోణ్ణయిపోతన్నాను, పోనీలే అనుకునేవాణ్ణేమో. ఆ మాట నన్ను అననియ్యలేదు నువ్వు.”

ఏడ్చాను. ఆయన ఊరుకోబెట్టలేదు. చిన్నప్పుడు నేను మోకాలు గీరుకుని వస్తే రెండిళ్ళ వాళ్ళనీ పిలిచే మనిషి, కదలకుండా కూర్చున్నారు. పిన్ని వచ్చి, చీకటి పడుతోంది ఇంటికెళ్ళమంది. తిట్టినా బాగుండేదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను.

గుడివాళ్ళు కోపగించుకోలేదు, ఇబ్బంది పడ్డారంతే. జాతర దగ్గర పడుతోంది, ఎవరో ఒకరు అడుగుతారు. గోడంతా అలాగే ఉంచి ఒక్క పడవ మీద మాత్రం సున్నం కొట్టారు. చేప ఉంది, నీళ్ళున్నాయి, మధ్యలో తెల్లటి మచ్చ. ఎనామిల్ రంగు మీద సున్నం నిలవదని పెయింటర్ని అడిగితే చెప్పేవాడే. ఎవరు అడుగుతారు? తొలి వానకే సున్నం పొరలు పొరలుగా రాలి, వాలు కప్పు బయటపడింది. ఆ పైన కిటికీ. చివరికి కమిటీ వాళ్ళు విసిగిపోయి ఆ గోడకు టైల్స్ అంటించారు. ఆ పడవ ఇప్పుడు నా పత్రంలో అంటించిన ఫొటోలో తప్ప ఎక్కడా లేదు. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ జనవరిలో చర్చి ముందు ఫ్లెక్సీ కట్టారు. వచనం అచ్చుతప్పు లేకుండా, పూల అంచుతో వచ్చింది. మరుసటి ఏడు ఈస్టర్‌కల్లా బాబాయిని మళ్ళీ బల్లకు పిలిచారు. ఆయన వెళ్ళారు, తీసుకున్నారు, వచ్చి తన చోట కూర్చున్నారు. వచనం రాయమని మాత్రం ఎవరూ అడగలేదు. పగతో కాదు, ఫ్లెక్సీ సులువని అలవాటైపోయింది. డిసెంబరు చివరి రోజుల్లో ఆయన కుంచెలు కడిగి ఆరబెట్టుకోవడం మా గోడ మీదుగా కనిపించేది. రెండేళ్ళు అలా చేశారు. మూడో ఏడు చేయలేదు.

నాతో మాట్లాడటం ఆయన మానలేదు. కాలేజీలో ఉద్యోగం వచ్చిందంటే పిన్ని చేత పాయసం చేయించారు. నా పెళ్ళికి మండపం బోర్డు తనే రాశారు. కాని బిస్కెట్ల డబ్బా మళ్ళీ ఎప్పుడూ నా ముందు తెరవలేదు. ఏదైనా బొమ్మ గురించి అడిగితే “ఏమో బేటీ, యాద్ లేదు” అనేవారు. దేన్ని ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పకుండా ఉండలేని మనిషి నా దగ్గర ఆ మాట అనడం నేర్చుకున్నారు. దాన్ని మించిన శిక్ష నాకెవరూ వేయలేదు. హిస్టరీ సార్ బదిలీ మీద వెళ్ళిపోయే ముందు ఆయనకు నిజం చెప్పాను. “నీ పత్రంలో ఒకే ఒక్క అబద్ధం ఉంది. అదీ ఆధారాల పేజీలో,” అన్నారు.

బాబాయి పోయి నాలుగేళ్ళవుతోంది. రెండు నెలలు ఊపిరి అందక బాధపడి, ఆస్పత్రిలో పోయారు. చర్చి నిండా జనం, గుడి తరఫున మా నాన్నా ఇంకో నలుగురూ వెనక బెంచీల్లో కూర్చున్నారు. ఇప్పుడు నా విద్యార్థులకు నేను పెట్టే నియమం ఒకటే. పుస్తకాల పేర్లు ఎలా రాస్తారో తర్వాత దిద్దుకుందాం. మనిషి చెప్పిన మాట రాస్తే మాత్రం, ఆ మనిషి ఎదురుగా కూర్చుని, వాళ్ళ పేరున్న వాక్యాన్ని వాళ్ళ భాషలో చదివి వినిపించి రావాలి. వద్దంటే తీసేయాలి. చదివి వినిపించానని చివరి పేజీలో రాయాలి. నేను వెతికేది ఆ వాక్యాన్నే. కొందరు వినిపించకుండానే రాసేస్తారని నాకు తెలుసు. వాళ్ళ మొహాలు గుర్తుపడతాను, ఆ మొహం నాకు బాగా తెలిసినదే.

తాను పోయాక రాసుకోమన్నారు కదా, ఇప్పుడైనా ఆయన పేరు రాద్దామని ఇది మొదలుపెట్టాను. కాని పోయాక రాసుకోమన్న ఆ మాట, అప్పటిదాకా ఆగుతుందని నమ్మిన పిల్లతో అన్న మాట. ఎటూ తేలక గత ఆదివారం ఫెర్రీ ఎక్కి బాంబూఫ్లాట్ వెళ్ళాను. పిన్ని చర్చి నుంచి అప్పుడే వచ్చి చీర మార్చుకుంటోంది. రాసినంత వరకు చదివి వినిపించాను. మధ్యలో ఆపకుండా అంతా వింది. “పిన్నీ, పేరు రాయనా?” అని అడిగాను.

“నన్నడుగుతావేటమ్మా?” అంది పిన్ని. “నన్ను అడిగితే ఆయన్ని అడిగినట్టా?”